ఎడం చేతి ఈగలు

షోకేసులో మూడు కప్పులున్నాయి. మూడూ ఆయన గెలిచినవే అని చెక్కి ఉంది కాబట్టి ఆయన గెలిచినవే అనుకోవాలి. తుడిచేది మాత్రం ఆమె. ప్రతి శనివారం తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి పట్టుకుని స్టూలెక్కి, మొదటిదాన్ని కాస్త, రెండోదాన్ని ఇంకాస్త గట్టిగా తుడుస్తుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి తుడవడం కాస్తా రుద్దడం అవుతుంది. దాని మీది అక్షరాలు అరిగిపోతాయే అని అత్తగారు ఒకసారి మందలించింది. అరగవు లెండి, లోతుగానే చెక్కారు అని ఆమె స్టూలు దిగి గుడ్డలు ఆరేయడానికి వెళ్లిపోయింది.

చెక్కిన మాటలు ఇవి: ఈ యేడు మేటి కట్టుడు ఈగ. ఆ కింద ఆయన పేరు, ఇంకా కింద ఊళ్లోని గాలాలవాళ్ల సంఘం పేరు. కట్టుడు ఈగ అంటే తెలియనివాళ్లుంటారు. చిన్న గాలపు ముల్లుకి కోడి ఈకా, కుందేలు బొచ్చూ, పట్టు దారమూ చుట్టి, నీటి మీద వాలిన ఈగలా కనిపించేట్టు చేస్తారు. చేప దాన్ని చూసి నిజమనుకుని నోట కరుచుకుంటుంది. మొత్తం కలిపి చిటికెనవేలి గోరంత ఉంటుంది. అంతలోనే తోకా, నడుమూ, రెండు రెక్కలూ, మెడ చుట్టూ ఈక కుచ్చూ, ముందు తలా అమరాలి. తలకి ముందు, గాలం తాడు ఎక్కించడానికి ముల్లుకున్న బెజ్జం ఖాళీగా మిగలాలి. ఈ పని చేసేవాళ్లకి ఓపికన్నా ఉండాలి, ఒళ్లుమంటన్నా ఉండాలి. ఆమెకి రెండూ దండిగా ఉన్నాయి కాబట్టి పని బాగా వచ్చింది.

ఆమె బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే ఒక పెద్ద కొట్లో రఫూ పని చేస్తుంది. సిగరెట్టు అంటుకుని కాలిన కోటు, మేకు తగిలి చిరిగిన ప్యాంటు, ఎలుక కొరికిన ఉన్ని శాలువా ఆమె బల్ల మీదికి వస్తాయి. చిరుగు ఎక్కడుందో వెతికినా దొరక్కుండా చెయ్యాలి. బాగా చేస్తే ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరూ ఏమీ అనరు, చెడగొడితే మాత్రం కోటు తెచ్చి మొహాన కొడతారు. ఇరవై రెండేళ్లుగా ఈ పద్ధతికి అలవాటుపడ్డ మనిషి ఇంట్లోనూ అలాగే సర్దుకుపోతుందని ఆయన అనుకున్నాడు.

ఆయన నీటి మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. వీధి వీధీ తిరిగి, ఇనప మూతలెత్తి, వంగి అంకెలు రాసుకుంటాడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, అరవడు, ఆదివారం వస్తే ఏటి ఒడ్డుకి పోతాడు. గొప్పలు మాత్రం పోతాడు.

ఆరేళ్ల కిందట ఒకరోజు ఆయన ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. అందులో బల్ల అంచుకి బిగించి ముల్లుని కదలకుండా పట్టి ఉంచే బుల్లి వైసు, దారపు కండెలు, ఈకల పొట్లాలు, ముడి మీద పూసే వార్నిష్ సీసా, బొమ్మల పుస్తకం ఉన్నాయి. ఇక మీదట కొన్న ఈగలు ముట్టననీ, సొంతంగా కట్టుకుంటాననీ ప్రకటించాడు. మొదటి రోజు ముల్లు బొటనవేల్లో దిగింది. రెండో రోజు సీసా ఒలికి భోజనాల బల్ల మీద వార్నిష్ మడుగు కట్టింది. మూడో రోజు ఏటికి పోయాడు. పెట్టె మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. అది తీస్తేగాని కంచాలు పెట్టడానికి చోటు లేదు. తియ్యబోయి, ఊరికే పుస్తకం తిప్పి, ఊరికే ఒక ముల్లు వైసులో బిగించి చూసింది ఆమె. గంట తర్వాత తల ఎత్తేసరికి పొయ్యి మీద పాలు మాడిపోయాయి, వైసులో ఈగ ఒకటి నిలబడి ఉంది.

ఆమెది ఎడం చెయ్యి. చిన్నప్పుడు బళ్లో పంతులమ్మ స్కేలుతో కొట్టి కొట్టి రాత పని కుడి చేతికి మార్పించింది. సూది జోలికి ఎవరూ రాలేదు కాబట్టి సూది ఎడం చేతిలోనే ఉండిపోయింది. అందుకని పుస్తకంలో బొమ్మలకి తిరగేసి, ముల్లు బెజ్జం ఎడమవైపుకి వచ్చేట్టు పెట్టుకుని, దారం ఎడం చేత్తో చుట్టింది. లోకమంతా ఒకవైపు చుట్టే దారం ఆమె చేతిలో రెండోవైపు తిరిగింది. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు.

ఆ ఈగని ఆయన ఏటికి పట్టుకెళ్లాడు. రెండోసారి విసిరేసరికి చేప పడింది. పక్కనున్నవాళ్లు మూగి, ఎవరు కట్టారు, ఎక్కడ కొన్నావు అని అడిగారు. నేనే అన్నాడు. ఇంటికొచ్చి, నోరు జారి నేనే అనేశానోయ్ అని నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఆ తర్వాత ఆమె తనని తాను తిట్టుకోని వారం లేదు.

ఆమె కడుతూ, ఆయన తనవని చూపిస్తూ, నవ్వు మీద నవ్వు పేరుకుని మూడేళ్లకి మొదటి కప్పు వచ్చింది. సంఘంలో ఆయనకి బంగారు చేతులాయన అని పేరు పడింది. ఫోన్లో కూడా అదే పేరుతో పలకరించేవారు. రెండో కప్పు వచ్చిన రోజు ఆమె ఉండబట్టలేక, ఇప్పటికైనా వాళ్లకి చెప్పండి అంది. ఆయన కప్పుని వెలుతురుకి పట్టి చూసుకుంటూ, "నువ్వూ నేనూ వేరా ఏమిటి?" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. వేరు కాకపోతే ఆమె పేరే చెక్కించవచ్చుగా, అప్పుడు కూడా ఇద్దరిదీ అయ్యేదిగా. ఈ జవాబు ఆమెకి మర్నాడు కొట్లో కోటు జేబు కుడుతుంటే తట్టింది. మంచి జవాబులన్నీ ఆమెకి మర్నాడే తడతాయి.

ఇలా నాలుగో కప్పుకి కూడా ఆయన సిద్ధమవుతుండగా సంఘంవాళ్లు కొత్త నిబంధన పెట్టారు. కిందటేడు ఎవరో పోస్టులో తెప్పించిన ఈగని సొంతమని పోటీకి పెట్టి దొరికిపోయాట్ట. అందుకని ఈసారి నుంచి పోటీకి వచ్చినవాళ్లు అరగంటలో, అందరి ముందూ కూర్చుని ఈగ కట్టి చూపించాలి. ఆ కబురు పట్టుకుని ఇంటికొచ్చిన రోజు ఆయన ముద్ద దిగక కంచం ముందు కూర్చుండిపోయాడు. వీడికి జ్వరమేమో చూడు అంది అత్తగారు. జ్వరం కాదు అని ఆమెకి తెలుసు. నెల రోజుల గడువుంది, నువ్వు నేర్పాలి అన్నాడాయన, కంచంలోకి చూస్తూ.

ఆమె వెంటనే సరే అనలేదు. గిన్నెలన్నీ తోమి, చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేర్పుతాను. కానీ ఆ రోజు అందరి ముందూ చెప్పాలి. ఇన్నాళ్లూ కట్టింది నేనని."

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. చెప్తాను అనండి."

"చెప్తానన్నానుగా" అన్నాడు ఆయన, విసుగ్గా.

ఈ ఒక్క మాట కోసం ఆమె నెల రోజులు నరకం చూసింది. ఆ మాట వినాలని ఎంత కోరిక ఉందో ఆమెకే అప్పటిదాకా తెలియదు. కప్పు అక్కర్లేదు, కప్పు మీది అక్షరాలు కూడా అక్కర్లేదు. ఇది నువ్వు చేశావా అని ఒక్కరు, ఒక్కసారి, తన మొహంలోకి చూసి అడిగితే చాలనుకుంది. అది కూడా ఆయన నోటి నుంచి మొదలైతేనే బాగుంటుందనుకుంది.

పాఠాలు ఆఫీసు నుంచి ఆయన రాగానే మొదలయ్యేవి. మొదటి రోజు పక్కన కూర్చోబెట్టుకుని నేను చేసినట్టు చెయ్యండి అంది. ఆయన ఆమె చేసినట్టే బెజ్జం ఎడమవైపుకి పెట్టి, కండె మాత్రం కుడి చేత్తో పట్టుకున్నాడు. చెయ్యి చేతికి అడ్డం వచ్చింది. చుట్టిన దారం చుట్టినట్టే విచ్చుకుంది. రెండో రోజు, సరే, మీ వైపు నుంచే చూపిస్తానని తానే కుడి చేత్తో కట్టబోయింది. రాత వచ్చిన చెయ్యి దీనికి రాలేదు. రెక్కలు ఒకవైపు వాలి, నడుము ఉబ్బి, ఆయన కట్టినదానికీ ఆమె కట్టినదానికీ తేడా లేకుండా పోయింది. ఇది నాకన్నా అన్యాయంగా ఉందే అని ఆయన సంతోషపడ్డాడు. ఆ రాత్రి ఆమె గిన్నెలు కాస్త గట్టిగానే తోమింది.

మూడో రోజుకి దారి దొరికింది. ఆయన్ని బల్లకి అటువైపు, తనకి ఎదురుగా కూర్చోబెట్టింది. అద్దంలో చూసుకున్నట్టు ఆమె ఎడమ ఆయనకి కుడి అయింది. అప్పుడు కాస్త చుట్టు కుదిరింది. కుదిరిందని సంబరపడేలోగా ఇంకో రోగం బయటపడింది. ఆయన దారం బెజ్జం పక్కనే మొదలుపెట్టేవాడు. తోక అయి, నడుమయి, రెక్కలయ్యేసరికి తలకి చోటుండేది కాదు. ఉన్న కాస్త చోట్లో తల ఇరికించి, దాని మీద వార్నిష్ పూసేసరికి బెజ్జం పూడుకుపోయేది. ముందు ఖాళీ వదలండి, ముందు ఖాళీ వదలండి అని ఆమె రోజుకి నలభైసార్లు చెప్పింది. ఆయన రోజుకి నలభైసార్లు ఆ అన్నాడు.

"బెజ్జం మూసుకుపోయాక తాడు ఎక్కడ కడతారు? మీ చెవికా?" అంది ఒకరోజు, పళ్లు నూరుతూ.

ఆయన తప్పు ఎప్పుడూ ఆయనది కాదు. ఒకనాడు లైటు బాగోలేదు, ఒకనాడు కళ్లజోడు పాతదైంది, ఒకనాడు ఈక సరైన కోడిది కాదు. మంచం మీద కూర్చుని ఇదంతా వినే అత్తగారు, ఒరే, లాగు బొత్తాం పెట్టుకోవడమే నీకు పదేళ్లకి వచ్చింది, కోడినేమీ అనకు అంది. ఆమె నవ్వు ఆపుకుని, మళ్లీ ముల్లు బిగించి, మళ్లీ మొదటి నుంచి చూపించింది. ఎనిమిది చుట్లలో అయ్యే పనికి ఆయన పాతిక చుట్లు చుట్టేవాడు. పట్టు దారం పుటుక్కున తెగేది. తెగినప్పుడల్లా తల ఎత్తి, తెగ్గొట్టింది ఆమే అన్నట్టు చూసేవాడు.

రోజూ పాఠం అయ్యాక ఆమె అడిగేది, ఆ రోజు ఏం చెప్తారో ఒకసారి చెప్పండి వింటాను అని. ఆయనకి వెంటనే దాహం వేసేది, లేదా ఎవరికో ఫోను చెయ్యాల్సి వచ్చేది. ముల్లు చుట్టూ దారం తిప్పడం కన్నా ఆ మాట చుట్టూ తిరగడమే ఆయనకి బాగా వచ్చింది. ఆమె కొట్లో రెండు కోట్లు చెడగొట్టింది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ ఒక్క మాట అనని యజమానురాలు, ఈ మధ్య నీ మనసెక్కడుంది అంది. మా ఆయన వేళ్లలో ఉందండీ అని చెప్పలేక సూదిలో దారం ఎక్కించుకుంది.

పోటీ ఆదివారం పొద్దున. సంఘం హాలు పడవలు బాగుచేసే షెడ్డు మీద ఉంది. మెట్లెక్కేటప్పుడు కింది నుంచి తారు వాసన వస్తుంది. పైన గోడకి ఎండిపోయిన పెద్ద చేప ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. ముందు వరసలో పోటీదారుల బల్లలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనక కిటికీ పక్కన ఆడవాళ్లు. ఆమె వాళ్లలో కూర్చుంది. పక్కావిడ, మీ ఆయన చేతులు చేతులు కావమ్మా, మా ఆయన ఇంట్లో రోజూ ఆ చేతుల గురించే చెప్తాడు అంది. అవునట అంది ఆమె.

గంట కొట్టారు. ఆమె మెడ సాచి చూసింది. ఆయన చొక్కా వీపు అప్పటికే తడిసింది. తోక బాగానే వచ్చింది. నడుము కాస్త లావైంది, పర్లేదు. రెక్కలు ఒకసారి జారితే విప్పి మళ్లీ నిలబెట్టాడు. ముందు ఖాళీ వదిలాడా లేదా అన్నది అంత దూరం నుంచి కనబడక ఆమె కుర్చీలోంచి సగం లేచింది. ఎంత మంట ఉన్నా ఆ క్షణాన ఆ బెజ్జం మూసుకుపోకూడదనే కోరుకుంది. చచ్చీ చెడీ తనే నేర్పిన పని కదా.

న్యాయనిర్ణేత ఊళ్లో పళ్ల డాక్టరు. మాట తక్కువ మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని ఒక్కో బల్ల దగ్గరా ఆగి, ఆయన బల్ల దగ్గర చాలాసేపు ఆగాడు. జేబులోంచి ఒక డబ్బీ తీశాడు. అందులో కిందటేడు గెలిచిన ఈగ ఉంది.

"దీనికి జత ఇంకొకటి మీరే నాకిచ్చారు, గుర్తుందా? ఎలా కట్టారో తెలుసుకుందామని దాన్ని ఇంట్లో చుట్టు చుట్టూ విప్పి చూశాను" అన్నాడు డాక్టరు. "దాని దారం అటు తిరిగింది. ఇప్పుడు మీరు కడుతుంటే చూశాను, దారం ఇటు తిరిగింది. కిందటేటిది ఎడం చేతివాళ్లు కట్టింది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె కుర్చీ అంచుకి జరిగింది. ఇదే ఆ సమయం. ఇంతకన్నా మంచి సమయం ఆయన చేతిలో పెట్టి ఇచ్చినా దొరకదు.

"అదీ... మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుంది" అన్నాడాయన.

సాయం. నెల రోజులు, ముప్పై తెగిన దారాలు, రెండు చెడ్డ కోట్లు, ఆరేళ్లు, అన్నీ కలిపి సాయం. ఏడుపొస్తుందేమోననుకుంది గానీ రాలేదు, కోపమే వచ్చింది. డాక్టరు వెనక వరసల వైపు చూసి, అమ్మా, మీరు ఒకసారి ఇలా వస్తారా అని పిలిచాడు. ఆమె లేచి, కుర్చీల మధ్యలోంచి, మోకాళ్లు తప్పించుకుంటూ ముందుకి వెళ్లింది.

ఆయన లేచి చోటిచ్చాడు. ఆమె వైసుని వదులు చేసి అటు తిప్పి బిగించింది. లైటు కుడివైపుకి జరిపింది. కొత్త ముల్లు తీసుకుని, బెజ్జం వెనక ఖాళీ వదిలి, ఎడం చేత్తో దారం మొదలుపెట్టింది. మొదటి రెండు చుట్లకీ వేళ్లు బిగుసుకున్నాయి. మూడోదాని నుంచి హాలు లేదు, ఆయన లేడు. తోక, నడుము, రెక్కలు నిలబెట్టి మధ్యలో ఎనిమిది అంకెలా దారం, మెడకి ఈక రెండు చుట్లు, తల, ముడి. దారం కత్తిరించి చేతులు ఒళ్లో పెట్టుకుంది. పదకొండు నిమిషాలైంది అని ఎవరో అన్నారు.

డాక్టరు కిందటేటి ఈగని దాని పక్కన పెట్టి, భూతద్దం పెట్టి చూసి, తల ఊపాడు. అంతలో సంఘం అధ్యక్షుడు, పెద్ద పొట్టా పెద్ద గొంతూ ఉన్న ఇనప సామాన్ల కొట్టాయన, ముందుకొచ్చి ఆమె భర్త భుజం చరిచాడు.

"భలేవాడివయ్యా. మీ ఆవిడకి ఎంత బాగా నేర్పావు!"

చప్పట్లు మోగాయి. ఆమె భర్త మొహంలోకి చూసింది. ఆయన నవ్వాడు. ఏటి ఒడ్డున ఆ మొదటి రోజు నేనే అన్నప్పుడు ఎలా నవ్వి ఉంటాడో అలాగే, నలుగురినీ కాదనలేక, తనని తాను కాదనుకోలేక నవ్వాడు. ఈసారి జవాబు కోసం ఆమె మర్నాటిదాకా ఆగలేదు.

"నేర్పింది నేనండీ" అంది అధ్యక్షుడితో. "నెల రోజులైంది. ఆయనకి ఇంకా రాలేదు."

హాలంతా ఘొల్లున నవ్వింది. హాస్యమాడిందనుకున్నారు. అధ్యక్షుడు పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నిజాన్ని నలుగురి ముందూ పెడితే నలుగురూ నవ్వి దాన్ని మళ్లీ ఆయన జేబులోనే పెడుతున్నారు. ఇంకేం చెయ్యాలో ఆమెకి తోచలేదు. కుర్చీలోంచి లేవలేదు, నవ్వలేదు, ఆయన మీంచి చూపు తియ్యలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నవ్వని వాళ్లు ఇద్దరే మిగిలారని అందరికీ కనబడింది, ఒకరు ఆమె, ఒకరు డాక్టరు. ఆయన నవ్వు కూడా ఎటూ పోలేక మొహం మీదే ఆగి, చివరికి దిగిపోయింది.

"ఆవిడ చెప్పింది నిజమే" అన్నాడు, బల్ల మీది ఈకలు చూస్తూ, గొంతు లోలోపలే. "అన్నీ ఆవిడే కట్టింది. మూడేళ్లవీ. నేను ఒక్కటీ కట్టలేదు."

డాక్టరుకి వినబడింది. అధ్యక్షుడికి సగం వినబడి, ఏమిటేమిటి అన్నాడు. ఆమె లేచి నిలబడి, కిటికీ దాకా ఉన్న కుర్చీలు ఒకసారి చూసింది.

"గట్టిగా చెప్పండి" అంది భర్తతో, మామూలు గొంతుతో. "వెనకాల వాళ్లకి వినబడలేదు."

ఆయన ఇంకోసారి చెప్పాడు.